కెమెరా వేరేవాళ్ళ చేతికిచ్చి కొండెక్కిన రోజు

మా ఇంట్లో పాత ఫొటోలన్నీ ఒక సూట్‌కేసులో ఉంటాయి. మొన్నామధ్య అమ్మ దాన్ని కిందికి దించి సర్దుతుంటే నేనూ పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూశాను. నాన్నకి కొండలంటే ప్రాణం కాబట్టి సగానికి పైగా కొండల మీద తీసినవే. అమ్మ ఉంది, నేనున్నాను, తమ్ముడున్నాడు, చిన్నాన్న వాళ్ళున్నారు, దారిలో కలిసిన ఎవరో పిల్లలు కూడా ఉన్నారు. నాన్న లేరు. అన్ని వందల ఫొటోల్లో ఆయన కనిపించేవి మూడంటే మూడు, అందులోనూ ఒకదాంట్లో ఉన్నది ఆయన నీడే: సాయంత్రం ఎండకి పొడుగ్గా సాగి అమ్మ కాళ్ళ దాకా వచ్చిన నీడ, రెండు మోచేతులూ పైకి లేచి ఉన్నాయి, మధ్యలో కెమెరా ఆకారం.

చిన్నప్పుడు ఆయనే ఒక సంగతి చెప్పేవారు. 1953 మే 29న ఎవరెస్ట్ మీద మొదటిసారి అడుగుపెట్టినప్పుడు, శిఖరం మీద మంచు గొడ్డలి పైకెత్తి నిలబడ్డ టెన్జింగ్ నార్గే ఫొటో ఉంది కదా, అది తీసింది ఎడ్మండ్ హిల్లరీ. హిల్లరీ శిఖరం మీద ఉన్న ఫొటో మాత్రం ఒక్కటీ లేదు, ఆ రోజు కెమెరా ఆయన చేతిలోనే ఉంది. నాన్న దీన్ని చాలా మామూలుగా, అదేమీ లోటు కాదన్నట్టు చెప్పేవారు. ఆ రోజు సూట్‌కేసు ముందు కూర్చున్నాక నాకు అది లోటుగానే అనిపించింది. ఆయనకిప్పుడు 68 ఏళ్ళు, కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు పట్టేస్తోంది, ఇంకెన్నాళ్ళు కొండలెక్కుతారో తెలీదు. అందుకే అనుకున్నాను, ఒక్క రోజు, ఒక కొండ, ఫొటోలు తీయడానికి డబ్బిచ్చి ఒక మనిషిని పెట్టుకుందాం, నాన్న చేతులు ఖాళీగా ఉండాలి అని.

మా ఆయన ముందు ట్రైపాడ్ చాలదా అన్నారు. ట్రైపాడ్‌తో అందరం వరసగా నిలబడి టైమర్ పెట్టుకుని తీసుకునే ఫొటో ఒకటి వస్తుంది, కాదనను. కానీ నాకు కావాల్సింది నాన్న నడుస్తున్న ఫొటో. ఆయన రాయి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, మళ్ళీ అడుగు వేస్తారే, అది. పాప ఏదో అడిగితే వంగి వినేది. అలాంటివి ట్రైపాడ్‌కి దొరకవు, మనతో పాటు నడిచే మనిషికే దొరుకుతాయి.

అయితే ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకోవడం మాకు మొదటిసారి కాదు. రెండేళ్ళ కిందట ఇంకో కొండకి వెళ్ళినప్పుడు ఒకతన్ని మాట్లాడుకున్నాం, ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది. కారు ఆగే చోటునుంచి పావుగంట దూరంలో ఒక వ్యూపాయింట్ ఉంటే అక్కడే మూడు గంటలు ఉంచేశాడు. ఇటు తిరగండి, అటు నవ్వండి, చెయ్యి ఇలా పెట్టండి, బట్టలు మార్చుకుని రండి. పాప ఏడుపు మొదలుపెట్టింది, అమ్మకి కాళ్ళు లాగేశాయి, పైకి వెళ్దాం అనేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. కొండకి వెళ్ళి కొండెక్కకుండా తిరిగొచ్చాం. ఫొటోలు బాగా వచ్చాయి, నిజమే, కానీ వాటిల్లో వెనకాల కొండ తీసేసి ఏ గోడ పెట్టినా ఏమీ మారదు. తప్పు పూర్తిగా అతనిదే అని కూడా అనలేను, మాకేం కావాలో మేం ఒక్క ముక్క చెప్పలేదు.

అందుకే ఈసారి ముందు మాటలకే ఎక్కువ టైమ్ పెట్టాను. ఎవరైనా ఇలా వెళ్దామనుకుంటుంటే నా మాట ఒక్కటి వినండి, వాళ్ళ పేజీలో పెట్టిన పది మంచి ఫొటోలు చూసి ఒప్పుకోకండి. ఒకే రోజున ఒకే కుటుంబానికి తీసిన ఫొటోలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, మొత్తం ఆల్బమ్ చూపించమని అడగండి. పొద్దున్న ఆరింటి వెలుగులో ఎవరు తీసినా బాగుంటుంది. మిట్ట మధ్యాహ్నం, కళ్ళ కింద నల్లటి నీడలు పడే టైమ్‌లో ఆ మనిషి ఏం చేశాడో చూడాలి. నీడపట్టున కూర్చోబెట్టాడా, ఎండ వెనక్కి వచ్చేలా తిప్పాడా, లేక కళ్ళు చికిలించుకుంటుంటే అలాగే నొక్కేశాడా, అంతా అక్కడే తెలిసిపోతుంది.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం: బరువు మోసుకుంటూ ఎక్కే అలవాటు ఉందా? కెమెరాలు రెండు, లెన్సులు రెండు మూడు, నీళ్ళు, వాన కవరు అన్నీ కలిపితే భుజం మీద ఏడెనిమిది కిలోలు సులువుగా అవుతుంది. దాంతో మనకంటే ముందు పరిగెత్తి, ఆగి, తీసి, మళ్ళీ ముందుకి వెళ్ళాలి. మనం ఒకసారి ఎక్కే దారిని అతను ముక్కలు ముక్కలుగా ఒకటిన్నర సార్లు ఎక్కుతాడు. నేను మాట్లాడినవాళ్ళలో ఇద్దరు చాలా మంచి పెళ్ళి ఫొటోగ్రాఫర్లు, ఈ ప్రశ్నకి మాత్రం ఇద్దరూ తడబడ్డారు. మూడో అతను, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, "ఆ దారి నేను ఎక్కలేదు మేడమ్, ముందు వారం ఒకసారి వెళ్ళి చూసొస్తాను" అన్నాడు. అక్కడే ఒప్పుకున్నాను.

మిగతావి కాగితం మీద రాసుకున్నాం. ఎన్ని గంటలు, ఎడిట్ చేసినవి ఎన్ని ఇస్తాడు, ఎన్ని రోజుల్లో ఇస్తాడు, ఎడిట్ చేయని అసలు ఫైళ్ళు (రా ఫైల్స్) ఇస్తాడా లేదా (ఇవ్వనన్నాడు, సరే అన్నాను), వాన పడితే అడ్వాన్స్ పోతుందా, ఇంకో రోజుకి మారుతుందా. పాప ఫొటోలు ఎక్కడా పెట్టకూడదని నేను రాయించాను. ఫొటోల మీద హక్కు తీసినవాళ్ళదా తీయించుకున్నవాళ్ళదా అన్నది దేశాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతుంది, అందుకని మొహమాట పడకుండా ముందే మాట్లాడుకోవడం అందరికీ మంచిది. డ్రోన్ గురించి కూడా అడిగాడు. వద్దన్నాను. చాలా కొండ ప్రాంతాల్లో, ముఖ్యంగా రక్షిత అడవుల్లో, అనుమతి లేకుండా ఎగరేయనివ్వరు, పైగా ఆ గోలకి పక్షులు బెదిరిపోతాయి, మేం వెళ్ళేదే ఆ నిశ్శబ్దం కోసం.

ఇక టైమ్ సంగతి. నాన్న దగ్గర ఒక పాత లెక్క ఉంది, 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పింది: చదును మీద గంటకి 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట కలుపుకోవాలి. మా దారి పైకి 5 కిలోమీటర్లు, ఎత్తు 600 మీటర్లు. అంటే రెండు గంటలు. కానీ అది గట్టి కాళ్ళున్న పెద్దవాళ్ళు ఆగకుండా నడిస్తే. మాతో ఎనిమిదేళ్ళ పాప, మోకాలి నొప్పితో నాన్న, మధ్యలో ఫొటోలు, అందుకని నాలుగున్నర గంటలు వేసుకున్నాం. ఫొటోగ్రాఫర్‌తో వెళ్ళేటప్పుడు మామూలు టైమ్‌కి రెట్టింపు వేసుకోవాలని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది, ఎందుకంటే టైమ్ సరిపోకపోతే మొదట పోయేది నడక, తర్వాత అందరి మూడ్.

ఇంకోటి, కొండల్లో వెలుగు క్యాలెండర్‌లో రాసినట్టు ఉండదు. సూర్యాస్తమయం ఆరున్నరకి అని రాసి ఉన్నా, పడమర వైపు ఎత్తైన గట్టు ఉంటే నాలుగున్నరకే ఎండ దాని వెనక్కి వెళ్ళిపోతుంది, లోయంతా నీడలో పడిపోతుంది. అందుకే అతను ముందే వెళ్ళి చూసొచ్చింది. మా బాట తూర్పు వైపు వాలు మీద ఉంది, పొద్దున్నే వెలుగు మొహాల మీద పడుతుంది, మధ్యాహ్నం తర్వాత పనికిరాదు అని చెప్పాడు. పైగా ఎండ ఎక్కేకొద్దీ లోయలో గాలి వేడెక్కి వాలు వెంబడి పైకి లేస్తుంది, పైకి పోయి చల్లబడి మబ్బు కడుతుంది. చాలా కొండల మీద పొద్దున్న తేటగా ఉండి పదకొండు, పన్నెండు అయ్యేసరికి మూసుకుపోవడానికి కారణం అదే. కాబట్టి చీకట్లోనే మొదలుపెట్టాలి, పదిన్నరకి ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి తిరగాలి అని నిర్ణయించుకున్నాం. ఆ పదిన్నర మాట నాన్న నోటనే వచ్చింది, ఆయనకి బాగా గుర్తుండాలని నేను రెండుసార్లు అనిపించాను కూడా.

బట్టల గురించి అతను చెప్పినవి రెండే. తెల్లవి వద్దు, ఎండలో మెరిసిపోయి వివరం పోతుంది. సన్న చారలు, చిన్న చిన్న గళ్ళు ఉన్నవి వద్దు, ఫొటోలో అలలు అలలుగా కనిపిస్తాయి. అందరూ ఒకే రంగు వేసుకోవాలా అని అమ్మ అడిగితే, "అవసరం లేదండి, మీరు రోజూ వేసుకునేవే వేసుకోండి, ఒక్కరు మాత్రం ఎరుపు వేసుకుంటే దూరంనుంచి తీసినప్పుడు దొరుకుతారు" అన్నాడు. ఆ ఎరుపు పాపకి వెళ్ళింది.

బయల్దేరే రోజు పొద్దున్న మూడున్నరకి లేచాం. నాన్న కెమెరా తీసుకురానని మాటిచ్చారు, తీసుకురాలేదు. కానీ చొక్కా జేబులో ఏదో గుండ్రంగా ఉంది, అడిగితే చెప్పలేదు. కారు దిగడానికి ఒక అరగంట ముందు ఫొటోగ్రాఫర్ ఏసీ ఆపేయమని, అద్దాలు దించమని అడిగాడు. చల్లటి కారులోంచి తేమగా ఉన్న గాలిలోకి ఒక్కసారిగా తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుందట, తుడిచినా మళ్ళీ పడుతుంది, అసలైన వెలుగున్న ఆ ఇరవై నిమిషాలూ దానికే పోతాయి. నాన్న వెనక సీట్లోంచి తల ఊపారు. ఈ అబ్బాయికి పని తెలుసు అని ఆయన అనుకున్నట్టు నాకు అద్దంలో కనిపించింది.

అయిదుంపావుకి నడక మొదలు. తలకి లైట్లు కట్టుకుని వరసగా, ముందు మా ఆయన, తర్వాత పాప, అమ్మ, నాన్న, చివర నేను. కాళ్ళ కింద తడి మట్టి, దాని మీద రాళ్ళు, ఎవరి ఊపిరి వాళ్ళకి వినిపిస్తోంది. ఫొటోగ్రాఫర్ అసలు కెమెరా తీయలేదు. ఎందుకు తీయట్లేదని నేను మనసులో కంగారు పడ్డాను, డబ్బిచ్చాం కదా అన్న లెక్క లోపల తిరుగుతూనే ఉంటుంది. మలుపు దగ్గర అతను ఆగి, "ఇప్పుడు లైట్లు ఆర్పేయండి" అన్నాడు. ఆర్పాం. ఒక నిమిషం ఏమీ కనిపించలేదు. తర్వాత మెల్లగా ఆకాశం నీలంగా తేలింది, సూర్యుడు రావడానికి ముందు ఉండే ఆ ముదురు నీలం, దానికింద గట్టు అంచు నల్లగా, ఆ అంచు మీద మేం ఐదుగురం నిలబడ్డాం. అతను అప్పటికే కిందికి ముప్ఫై అడుగులు దిగి అక్కడినుంచి తీస్తున్నాడు. మాకు మొహాలు కూడా లేవు ఆ ఫొటోలో. కానీ నాన్న ఎవరో నీడని బట్టే తెలుస్తుంది, భుజాలు కొంచెం ముందుకి వంగి ఉంటాయి.

వెలుగు వచ్చాక అసలు సమస్య మొదలైంది. నాన్నకి చేతులు ఏం చేసుకోవాలో తెలీలేదు. నేను నవ్వులాటకి చెప్పట్లేదు, నిజంగా ఆయన ఇబ్బంది పడ్డారు. యాభై ఏళ్ళుగా కొండ మీద ఎండ పడగానే కుడిచెయ్యి ఛాతీ దగ్గరికి వెళ్ళడం అలవాటు, అక్కడ కెమెరా పట్టీ ఉండాలి. ఇప్పుడు చెయ్యి వెళ్తోంది, ఖాళీగా తిరిగొస్తోంది. "అటు చూడు బాబూ, ఆ చెట్టు వెనకనుంచి తియ్యి" అని అతనికి చెప్పడం మొదలుపెట్టారు. అతను విసుక్కోలేదు. ఒకసారి ఆయన చెప్పిన చోటికి వెళ్ళి తీశాడు కూడా. తర్వాత ఆయన పక్కనే నడుస్తూ, "అంకుల్, మీరు ఏ కెమెరా వాడేవారు?" అన్నాడు. అంతే.

జేబులో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది. చిన్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా, అందులో పసుప్పచ్చ ఫిల్టర్. అంచున ఇత్తడి రంగు బయటపడింది, గాజు మీద ఒక్క గీత లేదు. నలుపు తెలుపు ఫిల్మ్ రోజుల్లో ఆకాశం తెల్లగా పాలిపోకుండా దాన్ని లెన్స్ ముందు బిగించేవారు, పసుపు గాజు నీలాన్ని కొంత ఆపుతుంది కాబట్టి ఆకాశం ముదురుగా, మబ్బులు తెల్లగా విడిగా కనిపిస్తాయి. అతను దాన్ని వేళ్ళ మధ్య అంచులు పట్టుకుని (గాజు మీద వేలు పడకుండా, అది నాన్న గమనించారు) ఆకాశం వైపు ఎత్తి చూశాడు. తన లెన్స్‌కి పట్టదు, దీని చుట్టుకొలత బాగా చిన్నది. అప్పుడు అతను అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సంగతి ఎత్తాడు. 1927 ఏప్రిల్‌లో అక్కడి యోసెమిటీలోని హాఫ్ డోమ్ అనే రాతి కొండ ముందుకి ఆయన, ఫిల్మ్‌కి బదులు వాడే గాజు ప్లేట్లు మోసుకుంటూ మంచులో ఎక్కి, చివరికి రెండే ప్లేట్లు మిగిలితే ఒకటి పసుపు ఫిల్టర్‌తో తీసి, అది తను మనసులో చూసినట్టు రాదనిపించి ఆఖరి దానికి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడట. ఆకాశం దాదాపు నల్లగా వచ్చిన ఆ కొండ ఫొటోతోనే ఆయన పేరు నిలబడింది. నాన్నకి ఈ కథ తెలీదు. 36 ఫొటోల రోల్‌లో చివరి రెండు మిగిలినప్పుడు కొండ మీద ఎంత టెన్షన్ పడేవారో ఆయన చెప్పుకొచ్చారు, కథ చెప్తూ ఎప్పుడు ఫిల్టర్ మళ్ళీ జేబులో పెట్టేశారో, ఎప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టారో నేను చూడలేదు. ఆ తర్వాత రోజంతా ఆయన చెయ్యి ఛాతీ దగ్గరికి వెళ్ళలేదు.

మధ్యలో ఒకచోట అతను మమ్మల్ని వదిలేసి చాలా ముందుకి, ఎదురుగా ఉన్న గట్టు మీదికి వెళ్ళిపోయాడు. మూడు వందల మీటర్ల పైనే ఉంటుంది. మా ఆయన "ఇంత దూరంనుంచి ఏం తీస్తాడు" అన్నారు. తర్వాత అర్థమైంది. మనం ఫోన్‌తో దగ్గరగా నిలబడి తీస్తే మనుషులు పెద్దగా, వెనకాల కొండ ఎక్కడో చిన్న తిన్నెలా వస్తుంది, కళ్ళకి అంత పెద్దగా కనిపించిన కొండ ఫొటోలో ఏమైపోయిందా అనిపిస్తుంది. దూరం వెళ్ళి పొడుగు లెన్స్‌తో తీస్తే మనిషికీ కొండకీ ఉన్న అసలు కొలత నిలబడుతుంది. ఆ ఫొటోలో మేం చీమలంత ఉన్నాం, పాప ఎర్ర చొక్కా ఒక చుక్క, మా పైన రాతి గోడ ఫ్రేమంతా నిండిపోయింది. నాకు అన్నిట్లోకీ అదే ఎక్కువ ఇష్టం, అమ్మకి మాత్రం నచ్చలేదు, "మొహాలేవే?" అంది.

ఏడున్నర దాటాక పాప కూర్చుండిపోయింది. ఇక నడవనంది. నేను బుజ్జగించబోతే ఫొటోగ్రాఫర్ కెమెరా లెన్స్‌కి మూత పెట్టి, బ్యాగు దించి, తనూ కూర్చున్నాడు. అరగంట ఎవరూ ఏమీ తీయలేదు. ఆ అరగంట అతను నాకు నచ్చినంతగా ఇంకెప్పుడూ నచ్చలేదు. పాప పక్కనున్న రాయి గీకుతూ, దాని మీద ఉన్న పసుపు ఆకుపచ్చ మచ్చలేంటని తాతయ్యని అడిగింది. నాన్న వంగి, కుడి మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా పక్కన చేరారు. గీకకు తల్లీ, అవి ప్రాణమున్నవి, లైకెన్లు అంటారు, వీటిల్లో కొన్ని రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు, ఈ అరచేయంత మచ్చ తాతయ్య కంటే పెద్దదై ఉంటుంది అన్నారు. పాప వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత ఒక వేలు, చివర మాత్రం, ఆ మచ్చ అంచుకి ఆనించింది. గరుగ్గా ఉంది అంది. తాతయ్య వేలు కూడా పట్టుకుని ఆనించింది. క్లిక్కుమన్న చప్పుడు ఒకే ఒక్కటి వినిపించింది, అతను లేవకుండానే, ఒడిలో ఉన్న కెమెరా పైకెత్తకుండానే తీశాడు.

భద్రత విషయంలో అతను పెట్టిన రూల్ ఒకటే, నేను ఇక జన్మలో మర్చిపోను: కెమెరా వైపు చూస్తూ ఎవరూ వెనక్కి అడుగు వేయకూడదు. ఫొటో కోసం జరగాలంటే ముందు తిరిగి, నేల చూసి, నడిచి వెళ్ళి, అప్పుడు మళ్ళీ ఇటు తిరగాలి. తను వెనక్కి నడుస్తూ తీయాల్సి వస్తే మా ఆయన్ని వెనక నిలబెట్టి భుజం పట్టుకోమన్నాడు. అంచు మీద కూర్చుని కాళ్ళు వేలాడేసుకునే ఫొటో కావాలని నేనే అడిగాను, చాలామంది పెడుతుంటారు కదా. తీయనన్నాడు. అంచుకి పదడుగులు ఇవతల కూర్చోబెట్టి, తను నేల మీద పడుకుని కిందనుంచి తీశాడు, మా వెనక ఖాళీ ఆకాశమే ఉంది. ఫొటోలో చూస్తే అంచు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

తొమ్మిదిన్నరకి శిఖరం కింద ఉన్న పల్లంలోకి చేరాం. ఇంకా 150 మీటర్ల ఎత్తు మిగిలింది, నిటారుగా, వదులు రాళ్ళు. గాలి మొదలైంది. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది, ఆ లెక్కన మాకు తగ్గింది మూడు డిగ్రీలే, కానీ గాలికి చెమట ఆరుతుంటే పది డిగ్రీలు పడిపోయినట్టు వణుకు పుట్టింది. ఎండ మాత్రం మెడ వెనక చురుక్కుమంటోంది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ అతినీల లోహిత కిరణాలు పెరుగుతాయి, 1000 మీటర్లకి దాదాపు 10 శాతం, చలిగా ఉంది కదా అని మనం పట్టించుకోం. పాప మెడకి క్రీమ్ రాయడం మర్చిపోయాను, రెండు రోజులు మండింది పాపం.

పావు తక్కువ పదికి కిందనుంచి మబ్బు వచ్చింది. పైనుంచి దిగుతుందనుకుంటాం, అది లోయలోంచి ఎక్కి వచ్చింది, పాలు పొంగినట్టు. అయిదు నిమిషాల్లో శిఖరం లేదు. నాన్న దాని వైపే చూస్తూ నిలబడ్డారు. ఇంకా ముప్పావుగంట టైమ్ ఉందమ్మా అన్నారు నాతో. ఆయన గొంతులో ఆశ నాకు బాగా తెలిసిందే, చిన్నప్పుడు మమ్మల్ని ఇంకొక్క మలుపు, ఇంకొక్క మలుపు అంటూ నడిపించింది అదే. నేనేం చెప్పాలో తోచలేదు, ఈ ప్రయాణమంతా ఆయన కోసమే. ఫొటోగ్రాఫర్ కల్పించుకోలేదు. అమ్మే అంది, "దిగేటప్పుడు మీ మోకాలు ఏమంటుందో దాన్నడగండి" అని. నాన్న ఇంకో నిమిషం నిలబడి, సరే అన్నారు. మా దగ్గర శిఖరం మీద ఫొటో లేదు.

ఆ మబ్బులో తీసినవే అన్నిటికంటే మెత్తగా వచ్చాయి. మబ్బు ఎండని అన్ని వైపులా సమానంగా పంచుతుంది, మొహాల మీద గట్టి నీడలుండవు, అమ్మ నుదుటి మీద చెమట చుక్కలు కూడా కనిపిస్తాయి. అమ్మా నాన్నా ఒకే రాయి మీద, వీపులు ఆనించుకుని, చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు, గాలికి అలా కూర్చున్నారంతే.

దిగడం నెమ్మదిగా సాగింది. ఎక్కడంలో ఊపిరి అలిసిపోతుంది, దిగడంలో మోకాళ్ళు. నాన్న రెండు చేతికర్రలతో, పక్కకి తిరిగి, ఒక్కో అడుగే. ఫొటోగ్రాఫర్ తన బ్యాగు మా ఆయనకిచ్చి, ఒక చిన్న కెమెరా మాత్రం మెళ్ళో వేసుకుని, వదులుగా ఉన్నచోట్ల నాన్నకి చెయ్యి అందించాడు. ఆ చివరి రెండు గంటల్లో ఫొటోలు చాలా తక్కువ. ఒప్పందంలో రాసుకున్న గంటలు అప్పటికే అయిపోయాయి, అతను ఆ మాట ఎత్తలేదు, నేను కింద కారు దగ్గర ఎత్తి లెక్క సరిచేశాను. అప్పటికి మేడమ్ పోయి అక్కా అయింది.

ఫొటోలు 20 రోజులకి వచ్చాయి, 140. రంగులు పెద్దగా మార్చలేదు, ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. మొదటిరోజు అందరం చూశాం, మర్నాడు నాన్న ఒక్కరే కూర్చుని మళ్ళీ చూశారట, అమ్మ చెప్పింది. పాప వేలూ తాతయ్య వేలూ లైకెన్ మీద ఆనించిన ఫొటో, అమ్మతో వీపులు ఆనించుకున్నది, ఆ రెండూ ప్రింట్ వేయించి తీసుకెళ్ళాను.

నాన్నకి ఒక అలవాటు ఉంది. సూట్‌కేసులో ఉన్న ప్రతి ఫొటో వెనకా పెన్సిల్‌తో రాసి ఉంటుంది, పెన్నుతో రాస్తే సిరా ముందు వైపుకి ఊరుతుందని పెన్సిలే. తేదీ, చోటు, ఎడమనుంచి ఎవరెవరు ఉన్నారో. నేనిచ్చిన ప్రింట్లని కూడా వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టుకుని, పెన్సిల్ చెక్కుకుని, అద్దాలు పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. తేదీ వేశారు. కొండ పేరు రాశారు. ఎడమనుంచి అని రాసి, అమ్మ పేరు రాసి, కామా పెట్టి, ఆగారు. కొంచెంసేపు అలాగే ఉండి "నేను" అని రాశారు.

తర్వాత తలెత్తి, "షట్టర్ స్పీడెంతమ్మా, ఎక్కడైనా ఉంటుందా?" అన్నారు. ఫైల్ తెరిచి చూసి చెప్పాను, 1/500 సెకను, లెన్స్ తెరిచింది ఎఫ్ 5.6. దాన్ని కూడా కింద రాసుకున్నారు.